సబ్‌క్వెరీతో అప్‌డేట్: అపోహలు – వాస్తవాలు

ఒక కాలేజీలో రీవాల్యుయేషన్ ఫలితాలు వచ్చాయనుకుందాం. 'ఫలితాలు' టేబుల్‌లో విద్యార్థికి, సబ్జెక్టుకు ఒకటి చొప్పున 20,000 వరుసలున్నాయి. 'రీవాల్యుయేషన్' టేబుల్‌లో 800 ఉన్నాయి. ఈ 800 కొత్త మార్కులను అసలు టేబుల్‌లోకి ఎక్కించాలి. ఒక్కొక్కటిగా దిద్దుతూ కూర్చోకుండా ఒకే అప్‌డేట్ కమాండ్‌లో సబ్‌క్వెరీ పెట్టి పని ముగించవచ్చు. ఎస్‌క్యూఎల్ ఇచ్చిన గొప్ప సౌకర్యాల్లో ఇదొకటి. అయితే దాని చుట్టూ అల్లుకున్న అపోహలూ ఎక్కువే. తెర మీద ఏ ఎర్రరూ కనిపించకుండానే వేలమంది మార్కులు పాడుచేయగల అపోహలవి.

అప్‌డేట్ రాసేటప్పుడు మనం రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఏ వరుసలు మారాలి? వాటిలోకి ఏ విలువ రావాలి? మొదటిదానికి జవాబు వేర్ చెబుతుంది, రెండోదానికి సెట్ చెబుతుంది. సబ్‌క్వెరీని ఈ రెండు చోట్లా వాడవచ్చు. కానీ ఒకచోట రాసినది రెండోచోట పనిచేయదు. కింది అపోహల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

అపోహ 1: సబ్‌క్వెరీలో షరతు పెట్టాం కాబట్టి బయట మళ్లీ వేర్ అక్కర్లేదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఈ కమాండ్ చూడండి:

అప్‌డేట్ ఫలితాలు
సెట్ మార్కులు = (సెలెక్ట్ ఆర్.కొత్త_మార్కులు
ఫ్రమ్ రీవాల్యుయేషన్ ఆర్
వేర్ ఆర్.హాల్‌టికెట్ = ఫలితాలు.హాల్‌టికెట్
అండ్ ఆర్.సబ్జెక్ట్ = ఫలితాలు.సబ్జెక్ట్);

చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ ఇందులో ఉన్న వేర్ సబ్‌క్వెరీది, అప్‌డేట్‌ది కాదు. అప్‌డేట్‌కు ఏ హద్దూ లేదు కాబట్టి 20,000 వరుసలూ దాని పరిధిలోకి వస్తాయి. రీవాల్యుయేషన్‌కు వెళ్లని 19,200 వరుసల విషయంలో సబ్‌క్వెరీకి ఏమీ దొరకదు. ఏమీ దొరకని చోట అది నల్ ఇస్తుంది. ఆ నల్ నేరుగా మార్కుల కాలమ్‌లోకి వెళ్తుంది. కొత్త మార్కులు వచ్చినవారివి సరిగ్గానే మారతాయి, దరఖాస్తే చేయనివారి మార్కులు మాత్రం తుడిచిపెట్టుకుపోతాయి. ఆ కాలమ్ నల్‌ను ఒప్పుకోనిదైతే కమాండ్ ఆగిపోతుంది, అది మన అదృష్టం.

దిద్దుబాటు తేలిక. సబ్‌క్వెరీ బ్రాకెట్ మూశాక, అదే షరతులతో 'వేర్ ఎగ్జిస్ట్స్ (సెలెక్ట్ 1 ఫ్రమ్ రీవాల్యుయేషన్ ఆర్ ...)' అని చేర్చాలి. ఒకే షరతును రెండుసార్లు రాస్తున్నామని కొందరు విసుక్కుంటారు. ఒకటి 'ఏ విలువ' అన్నదానికి, రెండోది 'ఏ వరుస' అన్నదానికి. రెండూ కావాలి. కోయలెస్ వాడి, దొరకనిచోట పాత మార్కులే ఉంచమనవచ్చు. ఫలితం సరిగ్గానే వస్తుంది, కానీ 800 వరుసల పనికి 20,000 వరుసలను తాకినట్టవుతుంది.

అపోహ 2: సబ్‌క్వెరీకి రెండు వరుసలు దొరికితే డేటాబేస్ సరైనదాన్ని ఎంచుకుంటుంది.

వాస్తవం: పై కమాండ్‌లో సబ్జెక్ట్ షరతు రాయడం మరిచిపోయారనుకోండి. రెండు సబ్జెక్టులకు దరఖాస్తు చేసిన విద్యార్థికి రెండు వరుసలు దొరుకుతాయి. ఒక గడిలో రెండు విలువలు పట్టవు. ఓరాకిల్ 01427 నంబరు ఎర్రర్‌తో, మైఎస్‌క్యూఎల్ 1242తో, ఎస్‌క్యూఎల్ సర్వర్ 512తో కమాండ్‌ను ఆపేస్తాయి. పోస్ట్‌గ్రెస్ కూడా ఆపుతుంది. ఎస్‌క్యూలైట్ మాత్రం మొదట దొరికిన వరుసను తీసుకుని మౌనంగా ముందుకు పోతుంది.

ఎర్రర్ రాగానే చాలామంది సబ్‌క్వెరీ చివర 'లిమిట్ 1' తగిలిస్తారు, లేదా మ్యాక్స్ పెట్టేస్తారు. ఎర్రర్ పోతుంది, తప్పు అలాగే ఉంటుంది. గణితం గడిలోకి భౌతికశాస్త్రం మార్కులు వెళ్లినా చెప్పే నాథుడు ఉండడు. ఆర్డర్ బై లేని లిమిట్ ఏ వరుసను ఇస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ ఎర్రర్ వచ్చిందంటే మన జత షరతు అసంపూర్ణమనో, మూల టేబుల్‌లో నకళ్లున్నాయనో అర్థం. ముందు కారణం తేల్చుకోవాలి. నిజంగానే ఒకటికి రెండు దిద్దుబాట్లు ఉంటే, చివరి తేదీదా, ఎక్కువ మార్కులదా అన్నది పరీక్షల విభాగం చెప్పాల్సిన నిర్ణయం. దాన్ని డేటాబేస్‌కు వదిలేయకూడదు.

అపోహ 3: సబ్‌క్వెరీ బదులు జాయిన్‌తో అప్‌డేట్ చేస్తే ఈ తిప్పలన్నీ తప్పుతాయి.

వాస్తవం: కొన్ని తప్పుతాయి. పోస్ట్‌గ్రెస్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'అప్‌డేట్ ... ఫ్రమ్', మైఎస్‌క్యూఎల్‌లో 'అప్‌డేట్ ... జాయిన్' రాస్తే జత దొరికిన వరుసలే మారతాయి కాబట్టి మొదటి అపోహలో చెప్పిన నల్ ప్రమాదం ఉండదు. కానీ ఒక వరుసకు రెండు జతలు దొరికితే ఎర్రర్ కూడా రాదు. వాటిలో ఏదో ఒకటి వాడేస్తాయి. ఏది వాడతాయో ముందుగా చెప్పలేమని పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ తమ మాన్యువళ్లలోనే హెచ్చరిస్తున్నాయి. అంటే సబ్‌క్వెరీ పట్టిచ్చే తప్పును జాయిన్ దాచిపెడుతుంది.

పైగా ఈ రాతలు ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో లేవు. ఎస్‌క్యూలైట్ 'అప్‌డేట్ ఫ్రమ్'ను 2020లో, 3.33 వెర్షన్‌తో చేర్చుకుంది. ఇలా ఒక టేబుల్‌తో జత చూసి మరోదాన్ని మార్చడానికి ప్రమాణంలోకి 2003లో వచ్చినది మెర్జ్ కమాండ్. పోస్ట్‌గ్రెస్‌కు అది 2022లో 15వ వెర్షన్‌తో అందింది, మైఎస్‌క్యూఎల్‌లో ఇప్పటికీ లేదు. ఒకే వరుసను రెండుసార్లు మార్చబోతే మెర్జ్ ఎర్రర్‌తో ఆగుతుంది. మీ డేటాబేస్‌లో అది ఉంటే ఈ పనికి మంచి సాధనమే.

అపోహ 4: సబ్‌క్వెరీలో లేని కాలమ్ పేరు రాస్తే డేటాబేస్ ఎలాగూ పట్టుకుంటుంది.

వాస్తవం: పట్టుకోకపోవచ్చు. పరీక్షలో కాపీ కొట్టి దొరికినవారి జాబితా 'మాల్‌ప్రాక్టీస్' టేబుల్‌లో ఉంది. వారి ఫలితాలు నిలిపివేయాలి. రాసిన షరతు ఇది:

వేర్ హాల్‌టికెట్ ఇన్ (సెలెక్ట్ హాల్‌టికెట్ ఫ్రమ్ మాల్‌ప్రాక్టీస్)

కానీ ఆ టేబుల్‌లో కాలమ్ పేరు 'హాల్‌టికెట్' కాదు, 'రోల్_నంబర్'. లోపల ఆ పేరు దొరక్కపోతే డేటాబేస్ బయటి టేబుల్‌లో వెతుకుతుంది. 'ఫలితాలు'లో అది ఉంది కాబట్టి దాన్నే తీసుకుంటుంది. ఇప్పుడు షరతు అర్థమే మారిపోయింది. ప్రతి వరుసనూ 'నీ హాల్‌టికెట్ నీ హాల్‌టికెట్‌తో సమానమేనా' అని అడుగుతున్నట్టయింది. మాల్‌ప్రాక్టీస్ జాబితాలో ఒక్క పేరున్నా చాలు, కాలేజీ మొత్తం ఫలితాలు ఆగిపోతాయి. ఇది డేటాబేస్ లోపం కాదు. బయటి కాలమ్‌లను లోపల వాడుకోనిచ్చే నియమం వల్లనే పై అపోహల్లోని సబ్‌క్వెరీలు పనిచేస్తున్నాయి.

విరుగుడు ఒక్కటే. సబ్‌క్వెరీలో ప్రతి కాలమ్‌కు ముందు దాని టేబుల్ అలియాస్ రాయాలి. మాల్‌ప్రాక్టీస్‌కు 'ఎం' అని అలియాస్ ఇచ్చి 'ఎం.హాల్‌టికెట్' అని రాసి ఉంటే, అలాంటి కాలమ్ లేదని డేటాబేస్ వెంటనే చెప్పేది.

అపోహ 5: ఇన్‌కు సరిగ్గా వ్యతిరేకం నాట్ ఇన్.

వాస్తవం: జాబితాలో ఒక్క నల్ ఉంటే కాదు. 'మాల్‌ప్రాక్టీస్ జాబితాలో లేనివారి ఫలితాలు విడుదల చేయి' అని నాట్ ఇన్‌తో రాశారు. ఆ జాబితాలో ఒకరి నంబరు నింపకుండా వదిలేశారు. నల్ అంటే తెలియని విలువ. ఆ తెలియని నంబరు ఎవరిదైనా కావచ్చు కాబట్టి 'ఇతను జాబితాలో లేడు' అని ఎవరి గురించీ ఖాయంగా చెప్పలేం. ఒక్క వరుస కూడా మారదు, ఎర్రరూ రాదు. నాట్ ఎగ్జిస్ట్స్ వాడితే ఈ ఇబ్బంది ఉండదు.

అపోహ 6: అప్‌డేట్ సాగుతున్నకొద్దీ మారిన విలువలు సబ్‌క్వెరీకి కనిపిస్తాయి.

వాస్తవం: సగటు కంటే తక్కువ వచ్చినవారికి 5 మార్కులు కలపమన్నామనుకోండి. కొందరికి కలపగానే సగటు పెరిగి, మరికొందరు దాని కిందికి వస్తారేమోనని భయం అక్కర్లేదు. కమాండ్ మొదలయ్యే నాటి విలువలతోనే సగటు లెక్కిస్తారు.

ఈ హామీ వెనుక ఒక చరిత్ర ఉంది. 1976లో కాలిఫోర్నియాలోని ఐబీఎమ్ శాన్ హోసే పరిశోధనాలయంలో, సిస్టమ్ ఆర్ డేటాబేస్ మీద పనిచేస్తున్న డాన్ చాంబర్లిన్, ప్యాట్ సెలింజర్, మోర్టన్ ఆస్ట్రాహాన్ ఒక వింతను గమనించారు. 25,000 డాలర్ల లోపు జీతం ఉన్నవారికి 10 శాతం పెంచమంటే, అందరి జీతం కనీసం 25,000కు చేరేదాకా పెంపు ఆగలేదు. జీతం ఇండెక్స్ వెంట వెళ్తుంటే, పెరిగిన జీతం వల్ల అదే వరుస ముందుకు జరిగి మళ్లీ మళ్లీ ఎదురైంది. హాలోవీన్ పండుగ వేళ బయటపడినందున దానికి 'హాలోవీన్ సమస్య' అని పేరొచ్చింది. ఇలా జరగకుండా నేటి డేటాబేస్‌లు కాపు కాస్తాయి.

మైఎస్‌క్యూఎల్‌తో మాత్రం రెండు విషయాల్లో జాగ్రత్త. మార్చే టేబుల్‌నే సబ్‌క్వెరీలో చదవబోతే అది 1093 నంబరు ఎర్రర్ ఇస్తుంది. సగటు లెక్కను ఫ్రమ్ లోపల డిరైవ్డ్ టేబుల్‌గా రాస్తే దారి దొరుకుతుంది. రెండోది, సెట్‌లోని విలువలను అది ఎడమ నుంచి కుడికి ఒకదాని తర్వాత ఒకటి మారుస్తుంది. ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ మార్కులు తారుమారుగా ఎక్కాయని 'సెట్ ఇంటర్నల్ = ఎక్స్‌టర్నల్, ఎక్స్‌టర్నల్ = ఇంటర్నల్' అని రాస్తే పోస్ట్‌గ్రెస్, ఓరాకిల్ సరిగ్గా మారుస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో రెండు కాలమ్‌లలోనూ ఒకే మార్కు మిగులుతుంది.

అపోహ 7: సబ్‌క్వెరీ నెమ్మది. ప్రోగ్రామ్‌లో లూప్ పెట్టి ఒక్కో వరుస మార్చడమే నయం.

వాస్తవం: నెమ్మదికి కారణం చాలాసార్లు ఇండెక్స్ లేకపోవడమే. 'రీవాల్యుయేషన్' టేబుల్‌లో హాల్‌టికెట్, సబ్జెక్ట్ కాలమ్‌ల మీద ఇండెక్స్ ఉంటే ప్రతి వరుసకూ జత క్షణంలో దొరుకుతుంది. లేకపోతే ప్రతిసారీ టేబుల్ మొత్తం తిరగేయాల్సి రావచ్చు. ఎక్స్‌ప్లెయిన్ నడిపితే ఏం జరుగుతోందో తెలుస్తుంది. లూప్ అయితే 800 సార్లు నెట్‌వర్క్ మీదుగా వెళ్లి రావాలి. ట్రాన్సాక్షన్ పెట్టకుండా నడుపుతుంటే నాలుగువందలోది దగ్గర కరెంటు పోతే సగం పాత మార్కులు, సగం కొత్తవి మిగులుతాయి. ఒకే అప్‌డేట్ అయితే పోస్ట్‌గ్రెస్, ఓరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీలో పూర్తిగా జరుగుతుంది, లేదా అసలు జరగదు. మైఎస్‌క్యూఎల్‌లోని పాత మైఐసామ్ టేబుళ్లకు మాత్రం ఈ రక్షణ లేదు.

అపోహ 8: మారిన వరుసల సంఖ్య సరిపోయిందంటే పని సరిగ్గా జరిగినట్టే.

వాస్తవం: ఆ సంఖ్య 'ఏ వరుసలు' అన్న ప్రశ్నకే, అదీ కొంతవరకే సాక్ష్యం. 'ఏ విలువ' అన్నదాని గురించి ఏమీ చెప్పదు. పైగా దాని అర్థం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. మైఎస్‌క్యూఎల్ షరతుకు సరిపోయినవి ఎన్నో, నిజంగా విలువ మారినవి ఎన్నో విడిగా చూపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ పాత విలువే మళ్లీ రాసినా దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

కాబట్టి క్రమం ఇలా ఉండాలి. ముందు అవే షరతులతో సెలెక్ట్ నడిపి, పాత మార్కులు, కొత్త మార్కులు పక్కపక్కన చూడండి. వరుసలు 800 ఉన్నాయో లేదో, నకళ్లు ఉన్నాయో లేదో అక్కడే తేల్చుకోండి. తర్వాత ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి అప్‌డేట్ నడపండి. మళ్లీ సెలెక్ట్‌తో సరిచూసి, అప్పుడే కమిట్ చేయండి, తేడా ఉంటే రోల్‌బ్యాక్ చేయండి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో ఆటోకమిట్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టని అప్‌డేట్‌ను రోల్‌బ్యాక్ కాపాడలేదు.

టేబుల్‌లో మనకు అంకెగా కనిపించేది ఒక విద్యార్థి ఏడాది కష్టం, ఒక ఉద్యోగి జీతం, ఒక వృద్ధురాలి పింఛను. వాటిని మార్చే కమాండ్ రాసేవారికి ఆ బాధ్యత ఉంది. సెలెక్ట్‌గా నడిపి కళ్లారా చూడని అప్‌డేట్‌ను అసలు డేటాబేస్ మీద నడపకండి.