రీలోడ్ మీట - రెండవ చెల్లింపు

వరంగల్లు నగరంలోని కాశిబుగ్గలో ఒక విద్యార్థిని ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్ళి పరీక్ష రుసుము చెల్లించినదని ఊహించవచ్చు. రుసుము ముట్టినట్లు తెరమీద పుట కనిపించింది. రసీదు సరిగా ముద్రణకు రాకపోవడంతో ఆమె రీలోడ్ మీట నొక్కింది. ఫారమును మరల పంపవలెనా అని బ్రౌజరు అడిగింది. ప్రశ్న అర్థం కాకపోయినా ఆమె సరేనన్నది. తండ్రి ఖాతానుండి అదే మొత్తం రెండవసారి తగ్గిపోయింది. ఆమె కోరినది పుటను మరల చూడడం మాత్రమే.

బ్రౌజరు తాను తెరిచిన పుటలను వరుసగా గుర్తుంచుకొంటుంది. దీనినే హిస్టరీ అంటారు. వెనుక మీట నొక్కితే ఆ వరుసలో ఒక మెట్టు వెనుకకు పోతుంది. రీలోడ్ నొక్కితే ఉన్నచోటనే నిలిచి, ఆ పుట ఏ అభ్యర్థనవల్ల వచ్చిందో దానినే సర్వరుకు మరల పంపుతుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. అభ్యర్థనలలో 'గెట్' అనేది గ్రంథాలయంలో పుస్తకం తిరగవేయడం వంటిది. ఎన్నిసార్లు చేసినా నష్టం లేదు. 'పోస్ట్' అనేది బ్యాంకులో సొమ్ము బదిలీ కాగితం ఇవ్వడం వంటిది. అదే కాగితం రెండవసారి ఇస్తే గుమాస్తా రెండవసారి బదిలీ చేస్తాడు. ఆయనను తప్పుపట్టడానికి వీలులేదు.

దీనికి విరుగుడు 1997లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 నియమాలలోనే ఉన్నది. సొమ్ము అందుకొన్న సర్వరు పుటను నేరుగా పంపకుండా, రసీదు ఫలానా చిరునామాలో చూడవలసినదని 303 అనే సంఖ్యతో బదులిస్తుంది. బ్రౌజరు వెంటనే ఆ చిరునామాకు గెట్ అభ్యర్థన పంపుతుంది. అప్పుడు హిస్టరీలో నిలిచేది చెల్లింపు కాదు, రసీదు. రీలోడ్ ఎన్నిసార్లు చేసినా రసీదే వస్తుంది. ప్రోగ్రామర్లు దీనిని 'పోస్ట్-రీడైరెక్ట్-గెట్' అంటారు.

అయితే బదులు రాకముందే విసుగుపుట్టి మీట మరల నొక్కేవారినీ, వెనుకకు వెళ్ళి అదే ఫారమును తిరిగి పంపేవారినీ ఈ పద్ధతి ఆపలేదు. అందుకే "రీలోడ్ చేయవద్దు, వెనుకకు వెళ్ళవద్దు" అని కొన్ని పుటలు హెచ్చరిస్తాయి. అది సర్వరు మోయవలసిన బరువును సొమ్ము చెల్లించేవారి నెత్తిన పెట్టడమే. సరియైన పద్ధతిలో సర్వరు ప్రతి ఫారముకూ ఒక ప్రత్యేక సంఖ్యను జతచేస్తుంది. ఆ సంఖ్యతో చెల్లింపు జరిగినట్లు నమోదు చేసుకొంటుంది. అదే సంఖ్య మరల వస్తే సొమ్ము తీసుకోదు. మొదటి రసీదు చిరునామానే తిరిగి పంపుతుంది.