ప్రాసెసర్‌కి ఆదేశాల కరువు

సీపీయూ వాడకం 100 శాతం అని కంప్యూటర్ చూపిస్తే, ప్రాసెసర్ నిజంగా అంత పనీ చేస్తున్నట్టేనా అని ఒక పాఠకుడు అడిగారు. ఎంత మంచి ప్రశ్న! కాదండీ. ప్రాసెసర్‌ని ఏదో ఒక ప్రోగ్రామ్‌కి అప్పగించారని మాత్రమే ఆ అంకెకి అర్థం. మెమరీ కోసం ఎదురుచూస్తూ ఊరికే కూర్చున్నా ఆ సమయం పని ఖాతాలోనే పడుతుంది.

3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో సెకనుకు 300 కోట్ల టిక్కులు. ర్యామ్ దాకా వెళ్లి రావాలంటే వాటిలో 200 పైనే పోతాయి. అందుకే ప్రాసెసర్ ఒళ్లోనే క్యాష్ అనే చిన్న మెమరీ పెట్టారు. ఇదంతా తెలిసిందే. అసలు విశేషం ఇక ముందుంది.

మెమరీ నుంచి రెండు రావాలి: డేటా, దాంతో ఏం చేయాలో చెప్పే ఆదేశాలు. డేటా ఆలస్యమైతే నేటి ప్రాసెసర్ బెదరదు. వెనక వరసలో ఉన్న వందలాది ఆదేశాల్లోంచి ఆ డేటాతో పనిలేనివాటిని ముందే చేసేస్తుంది. పెళ్లి వంటల దగ్గర పప్పు ఉడికేలోపు వంటమేస్త్రి కూరలు తరిగించడూ, అలాగ. కానీ ఆదేశమే రాకపోతే? అప్పటికే లోపలికి చేరినవి అయిపోతాయి. ఆపైన ముందుకు లాక్కోవడానికి వరసే ఉండదు. ఇన్నేళ్లుగా పోగేసుకున్న తెలివితేటలన్నీ అక్కడ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఆదేశాల కోసం విడిగా ఉంచిన క్యాష్ చాలా సర్వర్ ప్రాసెసర్లలో 32 కిలోబైట్లే. అంటే 64 బైట్ల గళ్లు 512. ఆదేశానికి 4 బైట్లనుకుంటే 8 వేల చిల్లర ఆదేశాలు పడతాయి. ఒకే లూప్‌లో తిరిగే లెక్కల ప్రోగ్రామ్‌కి అది మహారాజ భోగం. సర్వర్‌కి వచ్చే ఒక వెబ్ అభ్యర్థన అలా కాదు. నెట్‌వర్క్ కోడ్, కంప్రెషన్, మెసేజ్ విప్పడం, మెమరీ కేటాయింపు, లాగింగ్... లైబ్రరీ తర్వాత లైబ్రరీ దాటుతుంది. మరో అభ్యర్థన మొదలయ్యేసరికి మొదట్లో వాడిన ఆదేశాలు క్యాష్‌లోంచి ఎప్పుడో తుడిచిపెట్టుకుపోయి ఉంటాయి.

చాలాకాలం ఇది పెద్దగా ఎవరి కంటా పడలేదు. ప్రాసెసర్ల వేగం కొలవడానికి వాడే స్పెక్ బెంచ్‌మార్కుల్లో ఎక్కువ భాగం చిన్న లూపుల్లో తిరిగేవే. వాటితో కొలిచి ఆదేశాల సంగతి తేలిపోయిందనుకున్నారు. ఆ నమ్మకం శుద్ధ పొరపాటు. 2012లో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ పరిశోధకులు క్లౌడ్ ప్రోగ్రామ్‌లని కొలిచి ఆదేశాల కొరతని బయటపెట్టారు. 2015లో గూగుల్, హార్వర్డ్ బృందం 20 వేలకు పైగా అసలు సర్వర్లని మూడేళ్లపాటు గమనించి అదే మాట చెప్పింది. పైగా మొత్తం టిక్కుల్లో దాదాపు 30 శాతం కంప్రెషన్, మెసేజ్‌ల ప్యాకింగ్, మెమరీ కేటాయింపులాంటి చాకిరీకే పోతోందని తేల్చింది. నా దృష్టిలో ఈ రంగంలో ఇంత కళ్లు తెరిపించిన పత్రాలు అరుదు.

ఉపయోగమా? ఫేస్‌బుక్ వాళ్లు బోల్ట్ అనే సాధనం తయారుచేశారు. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఏ ముక్కలు తరచూ వాడుకలో ఉన్నాయో చూసి, వాటినన్నిటినీ ఒకేచోట పక్కపక్కన పేరుస్తుంది. లెక్కలో ఒక్క అక్షరం మారదు, స్థలాలే మారతాయి. అప్పటికే బాగా సానబెట్టిన సర్వర్ ప్రోగ్రామ్‌లలో కూడా దీనివల్ల వేగం 7 శాతం దాకా పెరిగింది. ఇంతా చేస్తే, మిగిలిన చోటులో ఇంకో నాలుగు లైబ్రరీలు తెచ్చి కుక్కుతున్నారు!