తాతయ్యకు ముల్లు ఎందుకు తెలియలేదు?

బండారులంకలో గుంట మగ్గం మీద నేసే తాతయ్య కాళ్లు గుంటలోనే ఉంటాయి. చెక్కలు తొక్కేది వాటితోనే. షుగర్ ముదిరితే అరికాలిలో ముల్లు దిగినా ఒక్కోసారి ఆయనకు తెలియదు. ఎందుకని?

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. అన్నిటికంటే పొడవైనవి పాదాలకు వెళ్లే నరాలు. అందుకే ముందు కాలివేళ్లు మొద్దుబారతాయి. చెమట తగ్గి చర్మం ఎండుతుంది, మడమ పగులుతుంది. రక్తనాళాలూ పాడైతే పుండు త్వరగా మానదు. డాక్టరు 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఆనించి స్పర్శ చూస్తారు. నేతగాడి పాదానికి పోగుతోనే పరీక్ష!

రోజూ తాతయ్య అరికాళ్లు నువ్వే చూడు. చిన్న గాయం కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లమని అమ్మకు చెప్పు. కొబ్బరినూనె మడమలకు రాయొచ్చు, వేళ్ల సందుల్లో వద్దు. అక్కడ తడి నిలిస్తే చర్మం చెడుతుంది. కాళ్లు కడిగే నీళ్ల వేడి మాత్రం ఆయన కాలితో కాదు, నీ మోచేత్తో చూడు.