స్పా గదిలో హాయి: రాయి, చెక్క, వెలుతురు

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఉదయాన్నే చెప్పులు లేకుండా ఒక పాదం గ్రానైట్ నేలమీద, రెండోది చెక్కపీట మీద ఉంచండి. రాయి చల్లగా, చెక్క వెచ్చగా తగులుతాయి. థర్మామీటరు పెట్టి చూస్తే మాత్రం రెండింటి ఉష్ణోగ్రతా ఒక్కటే! మరి ఈ తేడా ఎక్కడిది?

స్పాలు కట్టేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇది. ఊటనీటి స్నానాలకు పేరుపొందిన బెల్జియంలోని 'స్పా' అనే ఊరి నుంచే ఈ స్నాన, మర్దన గృహాలకు ఆ పేరు వచ్చింది. మన నగరాల్లోనూ ఇవి వెలిశాయి. సహజంగా కనిపించాలని వీటిలో రాయి, చెక్క, వెదురు వాడుతుంటారు. అయితే సహజ పదార్థం అయినంత మాత్రాన అది హాయినివ్వదు. వేడిని, వెలుతురును, శబ్దాన్ని అది ఏం చేస్తుందన్నదే అసలు విషయం.

వాల్స్ నేర్పే పాఠం

స్విట్జర్లాండులోని వాల్స్ గ్రామంలో సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వేడి గల నీరు భూమి నుంచి ఊరుతుంది. అక్కడ పీటర్ జుమ్‌టోర్ అనే వాస్తుశిల్పి రూపొందించిన స్నానశాల 1996లో ప్రారంభమైంది. స్థానికంగా తవ్వి తీసిన క్వార్ట్‌జైట్ పలకలను సుమారు 60,000 పేర్చి గోడలు కట్టారు. పైకప్పు ఖండాల మధ్య సన్నని సందులు వదిలి గాజు బిగించారు. ఆ సందుల్లోంచి పగటి వెలుతురు గోడ మీదుగా కిందికి జారుతుంది. స్నానం చేసేవారికి కనిపించేది దీపం కాదు, మెల్లగా వెలుగుతున్న గోడ.

ఆ ఛాయాచిత్రాలు చూసి ఏసీ గదికి రాయి పరిస్తే ఫలితం తారుమారవుతుంది. వాల్స్‌లో రాయి పక్కనే గోరువెచ్చని నీరు, తేమ నిండిన వెచ్చని గాలి ఉంటాయి. ఏసీ గదిలో అవి లేవు.

పాదం చెప్పే లెక్క

ఒక వస్తువు చర్మం నుంచి ఎంత వేగంగా వేడిని లాక్కుంటుందన్నది దాని ఉష్ణవాహకత, సాంద్రత, విశిష్టోష్ణం అనే మూడింటిపై ఆధారపడుతుంది. 24 డిగ్రీల గదిలో 32 డిగ్రీల పాదం గ్రానైట్‌ను తాకిందనుకుందాం. లెక్క కడితే, తాకిన చోట ఉష్ణోగ్రత వెంటనే సుమారు 27 డిగ్రీలకు పడిపోతుంది. చెక్క మీదైతే 30 దగ్గరే నిలుస్తుంది. ఫిన్లాండువారు 80 డిగ్రీల సౌనా గదుల్లో చెక్కబల్లలపై కూర్చోగలగడానికీ కారణం ఇదే. చెక్క వేడిని తీసుకోవడంలోనూ నిదానమే, ఇవ్వడంలోనూ నిదానమే.

కన్ను, చెవి

మర్దన చేయించుకునే వ్యక్తి చాలాసేపు వెల్లకిలా పడుకుంటాడు. అంటే మనకు పైకప్పు అయినది అతనికి ఎదుటి గోడ! అక్కడ బిగించిన దీపం సూటిగా కళ్లలో పడుతుంది. పైగా రెటీనాలో, చూపుకు ప్రధానమైన కణాలతో పాటు, మెలనాప్సిన్ అనే వర్ణకం గల కణాలు కూడా ఉన్నాయని 2002లో పరిశోధనలు నిరూపించాయి. 480 నానోమీటర్ల దగ్గరి నీలికాంతికి ఇవి బాగా స్పందించి, మెలకువగా ఉండమని మెదడుకు సంకేతమిస్తాయి. అందుచేత నీలి పాలు తక్కువగా ఉండే 2700 కెల్విన్ దీపాలను గోడవైపు తిప్పి అమర్చడం మేలు.

ఇక శబ్దం. నున్నని రాయి తనపై పడిన శబ్దంలో 1-2 శాతమే పీల్చుకుంటుంది. మడతలతో వేలాడే మందపాటి తెర దాదాపు సగం పీల్చుకుంటుంది. నాలుగువైపులా రాయే ఉంటే పళ్లెం చప్పుడు కూడా మోగుతుంది.

జారితే?

అన్నిటికన్నా ముఖ్యమైనది భద్రత. నూనె అంటిన తడి పాదానికి పాలిష్ గ్రానైట్ ప్రమాదకరం. పెద్దవారు జారిపడితే తుంటి ఎముక విరగవచ్చు. తడి చోట పాలిష్ పట్టని, గరుకైన తాండూరు నాపరాయి లేదా కడప బండ నయం. ఇవి సున్నపురాళ్లు కనుక యాసిడ్‌తో కడగరాదు. యాసిడ్ వాటిని తినేస్తుంది. చెక్కను పొడిగా, గాలి ఆడే చోటనే వాడాలి, లేకుంటే బూజు పడుతుంది.

కాబట్టి గది పూర్తయ్యాక ముచ్చటగా మూడు పరీక్షలు చేయండి. వట్టి కాళ్లతో నడవండి. బల్లమీద వెల్లకిలా పడుకుని పైకి చూడండి. ఒకసారి చప్పట్లు కొట్టి వినండి. పాదం, కన్ను, చెవి మూడూ సరేనంటే ఆ గది హాయినిస్తుంది.