ఎనిమిది రెట్లు చాలు

బైనాక్యులర్స్ కొనబోయేవాళ్ల చూపు ముందు పెద్ద అంకె మీదే పడుతుంది. పదహారు రెట్లు, ఇరవై రెట్లు అని పెట్టె మీద కనిపిస్తే అదే మేలనిపిస్తుంది. కొండలెక్కేవాళ్లు, పిట్టల కోసం తిరిగేవాళ్లు ఆ అంకెకు లొంగకూడదు. దూరాన్ని దగ్గర చేసే కటకాలు చేతి వణుకునూ అన్ని రెట్లూ పెంచుతాయి. గుట్టెక్కి రొప్పుతున్నప్పుడు పదహారు రెట్ల బొమ్మ నిలవదు. పైగా రెట్లు పెరిగేకొద్దీ కనిపించే మేర తగ్గిపోతుంది. కొమ్మ మారిన పిట్ట మళ్లీ దొరకదు.

8×42లో మొదటి అంకె రెట్లు, రెండోది ముందరి కటకం వ్యాసం మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 5.25 వస్తుంది. కంటివైపు బయటికొచ్చే కాంతిపుంజం వెడల్పు అది. జేబులో పట్టే 10×25లో ఆ వెడల్పు 2.5 మిల్లీమీటర్లే. పట్టపగలు కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుని ఉంటుంది కాబట్టి తేడా తెలియదు. తెల్లవారుజామున, మునిమాపున పాప ఐదారు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. అడవి కదిలేది సరిగ్గా ఆ వేళల్లోనే! అప్పుడు సన్నటి పుంజం చాలదు, బొమ్మ మసకబారుతుంది. నేలపట్టులో చెట్ల మీద గూడబాతుల్ని మధ్యాహ్నం చిన్న పరికరంతోనైనా హాయిగా చూడొచ్చు. నల్లమలలో పొద్దు వాలాక పొదల మాటున నిలబడ్డ చుక్కల దుప్పి మాత్రం 42 మిల్లీమీటర్ల కటకం కావాలంటుంది. అలాగని 7×50కి వెళ్లనక్కర్లేదు. వయసు పైబడితే పాప అంతగా విచ్చుకోదు. ఏడు మిల్లీమీటర్ల పుంజంలో కొంత వృథా అవుతుంది, బరువు మాత్రం మెడకు మిగులుతుంది.

రోజంతా నడిచేవాళ్లకు మాత్రం, బరువు తగ్గుతుంది కాబట్టి, నా ఓటు 8×32కి. పులికాట్‌లో ఎక్కడో నీళ్ల మధ్య నిలిచే రాజహంసలకైతే ఏ బైనాక్యులర్సూ సరిపోవు. ముక్కాలిపీట మీద నిలిపే స్పాటింగ్ స్కోప్ కావాలి.

డబ్బు తక్కువైతే గొట్టాలు మెలిక తిరిగినట్టుండే పోరో పట్టకాల రకం తీసుకోండి. తిన్నటి గొట్టాల రకంలో పట్టకాలను ఎంతో కచ్చితంగా చెక్కాలి, వాటిపై ప్రత్యేక పూత వేయాలి. చవక రకాల్లో ఆ శ్రద్ధ ఉండదు. కళ్లద్దాలవాళ్లు ఐ రిలీఫ్, అంటే బొమ్మంతా కనబడేలా కంటికీ దాని ముందరి కటకానికీ మధ్య ఉండగల దూరం, కనీసం 15, 16 మిల్లీమీటర్లు ఉందో లేదో అడగాలి, లేకపోతే బొమ్మ అంచులు తెగిపోతాయి. నైట్రోజన్ నింపినదైతే వానల్లో లోపలి అద్దాలకు ఆవిరి పట్టదు. కోస్తా తేమలో సంచిలో మూసిపెడితే కటకాలకు బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసి, గాలి చొరబడని డబ్బాలో దాచాలి.