చున్నీ పొడవు, నెట్ ఎత్తు

అరకులోయ చుట్టుపక్కల ఏ బడి మైదానం దగ్గరైనా సాయంత్రం ఆటల వేళ కాసేపు నిలబడి చూడండి. ఖోఖో మొదలవబోతుంటుంది. పరుగుకు దిగే ముందు పై తరగతి అమ్మాయి తన చున్నీని భుజం మీంచి తీసి, ఎదురొమ్ము మీద అడ్డంగా వేసి, నడుం పక్కన రెండు ముళ్లు వేస్తుంది. జారకుండా ఒక పిన్నీసు గుచ్చుతుంది. రెండో చుట్టుకే ముడి వదులవుతుంది. అక్కడి నుంచి ఆమె ఎడమ చెయ్యి చున్నీ మీదే ఉంటుంది. పక్క వరుసలో అబ్బాయిలు రెండు చేతులూ ఊపుకుంటూ పరిగెడతారు. అదే ఆటను ఆమె ఒక చేత్తో ఆడుతుంది.

చున్నీ పొడవు సుమారు రెండుంబావు మీటర్లు. అదే మైదానంలో అమ్మాయిలకు కట్టే వాలీబాల్ నెట్ ఎత్తు 2.24 మీటర్లు. అంకెలు దాదాపు ఒకటే అయినా వాటి వెనకున్న ఆలోచన ఒకటి కాదు. నెట్ ఎత్తును ఆడపిల్ల శరీరాన్ని లెక్కలోకి తీసుకుని, ఆమె ఆడగలగాలని పెట్టారు. చున్నీ పొడవు పెట్టినప్పుడు ఆమె ఆడుతుందన్న ఆలోచనే ఎవరికీ లేదు.

అమ్మాయిలకు, అబ్బాయిలకు వేరువేరుగా పెట్టిన కొలత ఎక్కడ కనిపించినా ఒక్క ప్రశ్న అడగాలి. ఇది శరీరం చూసి పెట్టిందా, అలవాటుకొద్దీ వచ్చిందా? యూనిఫాం విషయంలోనూ, కాలేజీ ఆటల్లో న్యాయం విషయంలోనూ విద్యార్థులు ఎన్ని మాటల్లో అడిగినా చివరికి అడిగేది ఇదే.

శరీరం చూసి పెట్టిన కొలతలు

ముందు న్యాయమైన తేడాలు చూద్దాం.

– వాలీబాల్ నెట్: పురుషులకు 2.43 మీటర్లు, మహిళలకు 2.24 మీటర్లు.
– షాట్‌పుట్ గుండు: పురుషులకు 7.26 కిలోలు, మహిళలకు 4 కిలోలు.
– హర్డిల్ ఎత్తు: పురుషుల 110 మీటర్ల పరుగులో 106.7 సెంటీమీటర్లు, మహిళల 100 మీటర్ల పరుగులో 83.8 సెంటీమీటర్లు.
– వెయిట్‌లిఫ్టింగ్ కడ్డీ: పురుషులకు 20 కిలోలు, మహిళలకు 15 కిలోలు.

సగటు ఎత్తులో, కండబలంలో ఉన్న తేడాను లెక్కగట్టి పెట్టినవి ఇవి. వీటివల్ల ఆడపిల్ల ఆట చిన్నదైపోలేదు. అరకు కొండలు దిగితే విశాఖపట్నం. అక్కడి హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పనిచేసేది. ఆ అమ్మాయి 83.8 సెంటీమీటర్ల హర్డిళ్లను పదింటిని దాటుతూ 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డులో 12.78 సెకన్లలో పరుగు ముగించింది. అది జాతీయ రికార్డు. జరిగింది ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో, దక్కింది కాంస్యం. అంతకుముందు 2020లో మూడబిదిరిలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆమె 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా ఆ పోటీలో డోప్ పరీక్ష ఏర్పాటు, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేకపోవడంతో ఆ పరుగు రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. కాలేజీ ఆటలో కాళ్ల సత్తువ ఒక్కటే చాలదని, చుట్టూ ఉన్న ఏర్పాటు కూడా నిలబడాలని ఆ 13.03 చెబుతుంది.

అలవాటు పెట్టిన కొలతలు

రెండో రకం కొలతలకు శరీరం సాకు మాత్రమే.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళలు తొలిసారి 800 మీటర్లు పరిగెత్తారు. గీత దాటాక కొందరు అలసిపోయి కనిపించారని ఆ పోటీనే ఎత్తేశారు. మళ్లీ 1960లో రోమ్‌లో పెట్టారు. మధ్యలో పోయినవి 32 ఏళ్లు. పురుషుల మారథాన్ 1896లోనే ఉంది, మహిళలకు 1984లో వచ్చింది. వెయిట్‌లిఫ్టింగ్‌కు పట్టిన కాలం ఇంకా ఎక్కువ. పురుషులు 1896లో ఎత్తడం మొదలుపెడితే మహిళలకు 2000లో సిడ్నీలో అవకాశం వచ్చింది. అంటే 104 ఏళ్లు. తలుపు తెరిచిన ఆ మొదటిసారే శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతం నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఇరవయ్యేళ్ల ముందే ఆ తలుపు తెరిచి ఉంటే మన ఉత్తరాంధ్రలో ఇంకెంతమంది మల్లీశ్వరులు ఉండేవారో ఆలోచించాలి.

మన ఊరి ఆటకే వద్దాం. కబడ్డీ కోర్టు పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మహిళలకు 12, 8. వైశాల్యం చూస్తే 130 చదరపు మీటర్లకు 96. ఇది శరీరం లెక్క అనుకుందాం. కానీ చాలాకాలం మన కబడ్డీ నియమాల్లో ఆట సమయం కూడా వేరు. పురుషులకు సగం ఆట 20 నిమిషాలు, మహిళలకు 15. మొత్తం 40కి 30. పావు వంతు ఆట తగ్గింది. ఊట నుంచి నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని ఏటవాలు ఎక్కే పిల్లకు పదహారో నిమిషంలో ఊపిరి అందదని ఎవరు తేల్చారు? పక్కనే ఖోఖో ఉంది. అందులో ఆడామగా ఇద్దరికీ అదే 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు మైదానం. అమ్మాయిలు నిక్షేపంగా ఆడుతున్నారు.

బట్ట ఎవరి కోసం

బట్టల నియమాలు ఎక్కువగా రెండో రకంలోకే వస్తాయి. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య పెద్ద పోటీల్లో మహిళలు స్కర్టులే వేసుకోవాలని నియమం తెచ్చింది. చూడటానికి ఆకర్షణగా ఉండాలన్నది దాని వెనకున్న ఆలోచన. క్రీడాకారిణులు ఒప్పుకోలేదు. 2012లో సమాఖ్య వెనక్కి తగ్గింది. 2021లో నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ మహిళలు చిన్న బికినీకి బదులు నిక్కర్లు వేసుకుని ఆడారని జట్టుకు 1,500 యూరోల జరిమానా పడింది. ఆ ఏడాదే నియమం మారింది.

అక్కడ ఒంటిమీద బట్ట తగ్గించమన్నారు, మన దగ్గర ఇంకొకటి కప్పుకోమంటున్నారు. చూసేవాళ్ల కళ్లను బట్టి నియమం పెట్టడం మాత్రం రెండుచోట్లా జరిగింది. పరిగెత్తే పిల్లను ఎవరూ అడగలేదు.

కేరళలో అడిగి చూశారు. ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగర ప్రాథమిక పాఠశాలలో 2018లో పిల్లలందరికీ మోకాళ్ల దాకా వచ్చే నిక్కరు, చొక్కా పెట్టారు. 2021 డిసెంబరులో కోజికోడ్ జిల్లా బాలుస్సేరి హయ్యర్ సెకండరీ బాలికలు ప్యాంటు, చొక్కాకు మారారు. అభ్యంతరాలూ వచ్చాయి. కావలసినవాళ్లు పొడవు చేతుల చొక్కా, తలకు వస్త్రం వేసుకునే వీలు అక్కడ ఉంచారు. పాత నిర్బంధం తీసేసి ఆ చోట కొత్త నిర్బంధం పెట్టకూడదన్నది అందులో మనం నేర్చుకోవాల్సిన పాఠం.

ఈ పాఠం కోసం నిజానికి కేరళ దాకా వెళ్లనక్కర్లేదు. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనున్న అరకులో ఆడవాళ్ల కట్టు చూడండి. థింసా నృత్యం ఆడేటప్పుడు కొండ స్త్రీలు చీరను పిక్కలపైకి, మోకాళ్ల దగ్గరికి బిగించి కడతారు. ఒకరి నడుం వెనక ఇంకొకరి చెయ్యి, అడుగు తప్పని గొలుసు. చీర కాళ్లకు అడ్డుపడితే ఆ గొలుసు తెగుతుంది. పోడు పనిలోనూ, సంతకు నడిచేటప్పుడూ అంతే. ఈ కొండల్లో బట్ట పనికి తగ్గట్టు కట్టుకున్నారు తప్ప, బట్టకు తగ్గట్టు పని తగ్గించుకోలేదు. చున్నీ ఇక్కడికి బడి యూనిఫాంతో పాటు మైదాన ప్రాంతం నుంచి ఎక్కివచ్చింది. అమ్మాయి ఆటకు ముందు దాన్ని నడుముకు బిగించడం అల్లరి కాదు, అమ్మమ్మ నుంచి వచ్చిన తెలివి.

మూడు జతల లెక్క

కేంద్రం సమగ్ర శిక్ష పథకం కింద యూనిఫాంకు ఇచ్చే లెక్క ఒక పిల్లకు ఏడాదికి 600 రూపాయలు, రెండు జతలకు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరు 8న మొదలైన విద్యాకానుక పథకంలో మూడు జతల బట్ట ఇచ్చారు. ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో కిట్ వస్తోంది. విద్యాకానుకలో కుట్టుకూలి 8వ తరగతి దాకా జతకు 40 రూపాయలు, 9, 10 తరగతులకు 80 ఇచ్చేవారు.

హాస్టల్ పిల్ల వైపు నుంచి ఈ మూడు జతలను చూడండి. ఆగస్టులో లోయలో వాన పట్టుకుంటే వరండా తాడు మీద వేసిన బట్ట రెండు రోజులకూ ఆరదు. సోమవారం ఆటల పీరియడ్‌లో ఎర్రమట్టి అంటిన చుడీదార్ బుధవారానికి ఇంకా చెమ్మగానే ఉంటుంది. నెలసరి రోజుల్లో లేత రంగు బట్టతో మైదానంలోకి దిగాలంటే భయం. కాబట్టి అమ్మాయి ఆట మానుకుంటుంది. ‘ఆసక్తి లేదు’ అని పెద్దలు అనేసుకుంటారు. నిజానికి లేనిది ఆరిన జత.

ఖర్చు పెద్దగా పెరగకుండానే దీనికి మందు ఉంది. ఇచ్చే మూడు జతల్లో ఒకటి ఆట జత చేయాలి. ముదురు రంగు ట్రాక్ ప్యాంటు, వదులు టీషర్టు, రెండు జేబులు. అమ్మాయికీ అబ్బాయికీ ఒకే బట్ట, ఒకే రంగు. ఆటల పీరియడ్ ఉన్న రోజు అందరూ అదే వేసుకుని రావాలి. చున్నీ ఇష్టమైన పిల్ల మిగతా రోజుల్లో వేసుకుంటుంది. అది ఆమె ఇష్టం.

మైదానం ఎవరిది

బట్ట మారితే సగం పని అవుతుంది. మిగతా సగం మైదానంలో వాటా.

అమెరికాలో 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థ ఆడపిల్లలపై వివక్ష చూపకూడదు, ఆటలకూ ఇదే వర్తిస్తుంది. ఆ చట్టం వచ్చేనాటికి అక్కడి హైస్కూళ్లలో ఆటలు ఆడే అమ్మాయిలు మూడు లక్షల లోపు. తర్వాతి దశాబ్దాల్లో 30 లక్షలు దాటారు. అమ్మాయిల ఒళ్లు మారలేదు. మారింది మైదానంలో వాళ్లకు దొరికిన చోటు.

ఆ చట్టం కింద చేసే ఒక పరీక్ష మన కాలేజీలోనూ కాగితం మీద చేసుకోవచ్చు. ఉదాహరణకు ఒక డిగ్రీ కాలేజీలో 600 మంది ఉన్నారు, అందులో అమ్మాయిలు 330. అంటే 55 శాతం. జట్లన్నిటిలో కలిపి 80 మంది ఆడుతుంటే అమ్మాయిలు 44 మంది ఉండాలి. 20 మందే ఉంటే మిగతా 24 మంది ఎందుకు రాలేదో కాలేజీ వెతకాలి. బస్సు వేళ కుదరక ఆగారా, మేడమ్ తోడు లేక ఆగారా, బట్టలు మార్చుకోవడానికి గది లేకనా? ఒక్కో కారణం పట్టుకుని తీర్చుకుంటూ పోవాలి.

డబ్బూ అంతే. సమగ్ర శిక్షలో ఆట వస్తువులకు ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నతకు 10,000, ఉన్నత స్థాయికి 25,000 రూపాయల వరకు ఇస్తారు. 500 మంది ఉన్న హైస్కూల్లో తలకు 50 రూపాయలు. అందులో అమ్మాయిల ఆటకు ఎంత వెళ్లిందో నోటీసు బోర్డు మీద రాసిపెడితే చాలు, సగం వాదన అక్కడే తేలిపోతుంది.

చిన్న బడుల కష్టం వేరు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతుల బడుల్లో పిల్లలు 100 దాటితేనే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకులను అడుగుతుంది. గూడేలు విడివిడిగా ఉండే కొండల్లో ఆ 100 అన్న గీత దాటడమే కష్టం. ఇక్కడ వ్యాయామ ఉపాధ్యాయురాలి విలువ ఎంతో చెప్పడానికి ఒక పేరు చాలు. 2019లో 26 ఏళ్ల వయసులో అరకు నుంచి లోక్‌సభకు గెలిచిన గొడ్డేటి మాధవి అంతకుముందు పీఈటీగా పనిచేశారు.

తిండి కూడా న్యాయంలో భాగమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది, అబ్బాయిల్లో 31.1 శాతం మందికి. రక్తం తక్కువున్న పిల్లకు మైదానం సమానంగా ఇచ్చినా పరుగు సమానం కాదు. ఐరన్ మాత్ర, గుడ్డు, వేరుశనగ చిక్కీ కూడా ఆట సామగ్రి జాబితాలో చేరాలి.

శరీరం లెక్క కూడా సులువు కాదు

పొరుగున ఒడిశా జాజ్‌పూర్ జిల్లా చేనేత కుటుంబం నుంచి వచ్చిన పరుగు క్రీడాకారిణి ద్యుతీ చంద్‌ను 2014లో ఒంట్లో సహజంగా ఉన్న టెస్టోస్టిరాన్ ఎక్కువైందని పోటీలకు దూరం పెట్టారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జులైలో ఆ నిబంధనను నిలిపేశారు. 2016లో ఆమె రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరిగెత్తింది. ఆ తర్వాత కూడా ఈ నిబంధనలు పలుమార్లు మారాయి, వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అత్యున్నత స్థాయి పోటీల్లో ఆ గీతలు ఎక్కడ గీయాలో శాస్త్రం, న్యాయం కలిసి తేల్చాలి. బడి మైదానంలో మాత్రం ఏ పిల్లనూ ‘నువ్వు ఆడపిల్లలా లేవు’ అని పక్కన నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు. ఇక్కడ పతకం లేదు, పిల్లలు పెరగడమే ఉంది.

ఎవరు తేల్చాలి

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. అరకు, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట బడుల్లో ఆ సగం మంది ఎవరు? చీర ఎగగట్టి పోడు చేసేవాళ్లు, బిందెతో కొండెక్కేవాళ్లు, థింసా ఆడేవాళ్లు. పరిగెత్తడానికి ఎలాంటి బట్ట కావాలో చెప్పడానికి వాళ్లను మించిన నిపుణులు లేరు. వచ్చే సమావేశంలో ఒక్క తీర్మానం పెట్టండి, మూడు జతల్లో ఒకటి ఆట జత అని. ఆ గదిలో మాట్లాడటానికి పదో తరగతి అమ్మాయిలను ఇద్దరిని పిలవండి. వాళ్లు చెప్పింది మినిట్స్ పుస్తకంలో రాయండి.

నెట్ 2.24 మీటర్ల దగ్గరే ఉండాలి. చున్నీ మాత్రం ఆటయ్యేదాకా ఆ నెట్ కట్టిన గుంజకు వేలాడుతూ ఉండొచ్చు. ఆ అమ్మాయి ఎడమ చెయ్యి అప్పటికి ఖాళీ అవుతుంది.