మాండొలిన్ పలికిన జాజ్!

పాల్వంచ దాటి భద్రాచలం వెళ్తున్న బస్సు. కిటికీ అవతల అడవి. నా ఫోన్‌లో సన్నగా 'రిమెంబర్ శక్తి'. పక్క సీటు కుర్రాడు చెవి ఒగ్గి, "అన్నా, ఇది ఏ సినిమాలోది?" అన్నాడు.

"సినిమాలోది కాదు తమ్ముడూ, మన పాలకొల్లు మాండొలిన్!" అన్నాను. నమ్మలేదు!

మీరూ నమ్మరేమో... కథ వినండి మరి. 1971లో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 'మహావిష్ణు ఆర్కెస్ట్రా' పెట్టి జాజ్‌నీ, రాక్‌నీ కలిపి హోరెత్తించాడు. తర్వాత జాకిర్ హుస్సేన్ తబలా, ఎల్. శంకర్ వయొలిన్, విక్కు వినాయకరామ్ ఘటం తోడుగా 'శక్తి' కట్టాడు. ఈసారి కరెంటు గిటారు పక్కన పెట్టేశాడు!

తొంభైల చివర్లో 'రిమెంబర్ శక్తి'గా మళ్ళీ పుట్టిన ఆ బృందంలో చేరినవాడే మన యు. శ్రీనివాస్. పుట్టింది 1969లో, పాలకొల్లులో. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి వినిపిస్తే, ఈ కుర్రాడు మాండొలిన్ మీద పలికించేవాడు. పరాయి వాద్యం మీద గమకాలేమిటన్న వాళ్ళే చివరికి చెవులప్పగించారు. జాజ్ వాళ్ళు అప్పటికప్పుడు అల్లుకునేదీ, మన మనోధర్మమూ అన్నదమ్ములే కదా!

2014లో, 45 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. 2024లో 'శక్తి' గ్రామీ గెలిచినప్పుడు వేదిక మీద మనకు తెలిసిన శంకర్ మహదేవన్ ఉన్నాడు. మన మాండొలిన్ లేదు.

బస్సు గోదావరి వంతెన ఎక్కేసరికి ఫోన్ కుర్రాడి చెవి దగ్గరుంది. "పేరు మళ్ళీ చెప్పన్నా" అన్నాడు.

చెప్పాను. మీరూ గుర్తుపెట్టుకుంటారు కదూ!